పాతాళం బస్సెక్కిన ముసలమ్మలు

పిల్లలకి దొంగతనం నేర్పాలి. బళ్ళోనే నేర్పాలి. లెక్కలూ సైన్సూ తర్వాత చూసుకోవచ్చు. ముందు తాళం ఎలా తీయాలో, కాపలావాణ్ణి మాటల్లో ఎలా పెట్టాలో, వేషం ఎలా మార్చాలో నేర్పాలి!

పత్రిక కింద పడేయకండి. ఈ మాట అంటున్నది తాగుబోతు కాదు. కుమ్ హెస్గ్ ఊళ్ళో చాపెల్ అనే చిన్న చర్చికి కార్యదర్శి ఇద్వాల్‌ని, నేనే. ఈ లోయలో అందరికన్నా నిజాయితీపరుడని నాకు పేరు. ఆ పేరు నాకు నేనే పెట్టుకున్నాననుకోండి, ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.

'కొప్పెర ముఠా' అనే నవల మీద ఈ నెల రాయమని మన సంపాదకురాలు ఫోన్ చేశారు. "కుర్రకారుని పాడుచేస్తోందట. గట్టిగా ఒక మొట్టికాయ వేయండి" అన్నారు. వేద్దామనే కలం పట్టుకున్నాను. తీరా చూస్తే ఆ పుస్తకానికి దణ్ణం పెట్టాలనిపిస్తోంది. ఏం చేయమంటారు?

ఆ నవల రాసినావిడ పేరు టాబితా క్వేల్. లండన్ మనిషి. ఒక వాన శనివారం మా ఊరొచ్చింది. సరస్సు దగ్గర నిలబడి నిట్టూర్చింది. మా ఊరి ఎలినెడ్ ఇంట్లో గొర్రెమాంసం పులుసు తాగి, మా అమ్మమ్మల నాటి కథలన్నీ చెప్పించుకుని, "ఎంత బావుందో!" అని పదేపదే అనేసి వెళ్ళిపోయింది. మరుసటేటికి ఇటుకంత పుస్తకం!

మా పాత కథల్లో పాతాళాన్ని అన్నూన్ అంటాం. అక్కడి రాజుగారి దగ్గరొక కొప్పెర ఉంటుంది. పిరికివాడి కోసం ఏం వేసినా అందులో ఉడకదు. టాబితాగారి నవల్లో ఏడుగురు టీనేజ్ పిల్లలు మా సరస్సులోంచి పాతాళానికి దిగి ఆ కొప్పెరని కొట్టేస్తారు. ఏడుగురూ అందంగా ఉంటారు. ఏడుగురికీ ఏవో బాధలుంటాయి. ఎంత వాన కురిసినా ఒక్కరి జుట్టూ చెదరదు. మా ఊళ్ళో ఇది జరిగే పనేనా?

మా పాత కథల్లో నీటి గుర్రమనే దయ్యం తన మీద ఎక్కినవాణ్ణల్లా సరస్సులోకి లాక్కుపోయి ముంచేస్తుంది. నవల్లో అది ఆకుపచ్చ కళ్ళ కుర్రాడు! ఎలినెడ్‌కి ఆ భాగం చదివి వినిపించింది మాబ్లి. మాబ్లి అంటే ఎలినెడ్ అక్కగారు మోర్విద్‌కి మనవరాలు, పదహారేళ్ళ పిల్ల.

"దాని దగ్గరికెళ్తే చస్తావే అనేది మా అమ్మ. ఇదేమిటే, దాన్ని పట్టుకుని ముద్దులు పెట్టుకుంటోందీ?" అంది ఎలినెడ్.

"అది ప్రేమ, చిన్నమామ్మా."

"గుర్రంతోనా!"

ఇక మంత్రం సంగతి. పాతాళ ద్వారం తెరుచుకోవాలంటే చేతులు పైకెత్తి "స్మూదియో!" అనాలట. మా భాషలో ఆ మాటకి 'ఇస్త్రీ చేయడం' అని అర్థం. ఆవిడ ఏ నిఘంటువులో ఏ పేజీ తిప్పిందో ఆ దేవుడికే తెలియాలి. వేసవంతా ప్రతి ఉదయం అంగీలూ ముసుగులూ వేసుకున్న కుర్రకారు మా సరస్సు దగ్గర నిలబడి కొండలు దద్దరిల్లేలా "ఇస్త్రీ! ఇస్త్రీ!" అని అరిచారు. జోరు వానలో!

ఇది బెడద అంటారా? కాదు, వరం! ఆదివారం చాపెల్లో నలుగురం కీర్తన పాడుతుంటే వెనక నలభై కెమెరాలు. ఇంత మంది మమ్మల్ని విని ఎన్నేళ్ళయింది? మేం పులుసు కాచుకునే గుండిగనే కొప్పెర అనుకుని దాంతో ఫొటోలు దిగారు. ఒక డేనిష్ అమ్మాయి దాన్ని ముట్టుకుని ఏడ్చింది. అడుగు మాడిపోయిందని నేనూ చాలాసార్లు ఏడవబోయాను గానీ, అంత భక్తితో కాదు. ఎవరో నన్ను చూపించి "ఈయన పాతాళపు ద్వారపాలకుడు" అన్నారు. చాపెల్ కార్యదర్శికి ఇంతకన్నా పదోన్నతి ఏముంటుంది?

అన్నిటికన్నా పెద్ద వరం బస్సు.

కిందటేడు దాకా మా ఊరికో బస్సుండేది. టౌన్‌కి వెళ్ళేది, తిరిగొచ్చేది. జనం ఎక్కడం లేదని కౌన్సిల్ దాన్ని ఆపేసింది. నిజమే మరి, పొద్దున్న వెళ్ళినవాళ్ళు సాయంత్రం తిరిగి రావడానికి బస్సు లేకుండా ముందే టైమింగులు మార్చేశారు. ఆ తర్వాత లెక్కపెట్టి చూసి, ఎక్కేవాళ్ళు తగ్గిపోయారని తేల్చారు. ఎంత శాస్త్రీయమైన పద్ధతి!

మేం ఊరుకోలేదు. అర్జీ పెట్టాం. సంతకాలు చేశాం. అందినట్టు జవాబొచ్చింది. మళ్ళీ అర్జీ పెట్టాం. మళ్ళీ అందినట్టు జవాబొచ్చింది. అందుకోవడంలో మా కౌన్సిల్‌ని మించినవాళ్ళు లేరు.

'కొప్పెర ముఠా' వచ్చిన కొన్నాళ్ళకి ఒక టూర్ కంపెనీ దిగింది. టౌన్ స్టేషన్ నుంచి మా సరస్సుకి రోజుకి మూడు ట్రిప్పులు! బస్సు పేరు 'పాతాళం ఎక్స్‌ప్రెస్'. ఒంటి నిండా మంటలు కక్కే డ్రాగన్లు. నడిపేది ఎవరనుకున్నారు? మా పాత బస్సు నడిపిన హవెల్. ఇప్పుడతనికి నల్ల అంగీ, నెత్తిన కొమ్ములు ఇచ్చారు. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఎడమ కొమ్ము అద్దానికి తగులుతుంది.

ఆ బస్సులో మేం ఎక్కకూడదు. ప్యాకేజీ టికెట్ స్టేషన్లోనే కొనాలి, అక్కడే ఎక్కాలి, అక్కడే దిగాలి. పాతాళానికి వెళ్ళొచ్చేవాళ్ళకే సీటు. పాతాళంలో కాపురం ఉండేవాళ్ళకి లేదు.

ఇక్కడ మోర్విద్ గురించి చెప్పాలి. నాతో పాటు ఒకే బల్ల మీద చదువుకుంది. ఊళ్ళో పోస్టాఫీసు ఉన్నన్నాళ్ళూ దాన్ని తనే నడిపింది. ఇప్పుడు కంటి వెనక నీరు చేరే జబ్బు. నెలనెలా టౌన్లో కంటి క్లినిక్‌కి వెళ్ళి కంట్లో ఇంజెక్షన్ వేయించుకోవాలి. మానేస్తే ఆ కాస్త చూపూ పోతుందని డాక్టరు కచ్చితంగా చెప్పాడు.

ఆమె కూతురు సముద్రం పక్కనున్న వృద్ధాశ్రమంలో షిఫ్టు డ్యూటీలు చేస్తుంది, సెలవు దొరకదు. నా డ్రైవింగ్ లైసెన్సు డాక్టర్లు లాగేసుకున్నారు. టాక్సీ పిలుద్దామంటే టౌన్లో టాక్సీలన్నీ పాతాళం వెళ్ళేవాళ్ళతో బిజీ. ఇలాగే ఒక నెల ఇంజెక్షన్ తప్పిపోయింది. ఆ నెలాఖరున మోర్విద్ నా ఎదురుగా కూర్చుని, టీలో పంచదార అనుకుని ఉప్పు కలుపుకుంది. తాగింది. కప్పు కడిగి బోర్లించింది. నేనూ చూడనట్టే ఉన్నాను.

తర్వాత ఒకరోజు హవెల్‌ని అడిగింది. నేను పక్కనే ఉన్నాను.

"ఒరే హవెల్, మధ్యాహ్నం ట్రిప్పులో వెనక సీట్లు ఖాళీగానే పోతున్నాయట కదా? క్లినిక్ స్టేషన్ పక్కనే. నన్ను అలా దింపెయ్యరా."

"ఉద్యోగం పోతుంది అత్తా. కంప్యూటర్లో పేరుంటేనే ఎక్కించుకోవాలి. లోపల కెమెరా కూడా పెట్టారు."

"మరి నీ పాత బస్సులో కెమెరా లేదుగా?"

"పాత బస్సులో నాకు కొమ్ములూ లేవు" అన్నాడు హవెల్. కొమ్ములు తీసి చేత్తో పట్టుకున్నాడు పాపం. మళ్ళీ ఎవరో వస్తుంటే గబగబా పెట్టేసుకున్నాడు.

ఆ సాయంత్రం మోర్విద్ ఇంట్లో ఎలినెడ్, నేనూ ఉండగా మాబ్లి 'కొప్పెర ముఠా' తెచ్చి బల్ల మీద ధన్‌మని పడేసింది. శనాదివారాల్లో ఆ పిల్ల చాపెల్ వంటగదిలో టూరిస్టులకి టీ పోస్తుంది. వాళ్ళ రాకపోకలన్నీ దానికి కొట్టినపిండి.

"బస్సుని కొట్టేద్దాం" అంది.

నేను చాపెల్ కార్యదర్శిని. లేచి నిలబడ్డాను. "చూడమ్మా, దొంగతనం మహా పాపం" అని మొదలుపెట్టాను.

"కూర్చోవోయ్" అంది మోర్విద్. "ముందు ఎలాగో చెప్పనీ."

మాబ్లి చెప్పింది. నవల్లో ఆ ఏడుగురూ పాతాళం కోటలోకి ఎలా వెళ్తారనుకున్నారు? గోడ దూకరు. చచ్చినవాళ్ళ వేషం వేసుకుని ముందు గుమ్మంలోంచే నడిచి వెళ్తారు. అక్కడ చచ్చినవాళ్ళని ఎవరూ ఆపరు కాబట్టి!

"మనం పొగమంచు ముసలమ్మల్లా ఎక్కుదాం. నవల్లో ముగ్గురుంటారు" అంది మాబ్లి.

పొగమంచు ముసలమ్మ మా పాత కథల్లో మనిషే. మంచు పట్టినప్పుడు కిటికీ దగ్గరికొచ్చి, చావబోయేవాళ్ళ పేరు పెట్టి కేక వేస్తుంది. మా అమ్మమ్మ స్వయంగా విన్నదట. పక్కింటివాళ్ళ పేరే కాబట్టి సరిపోయింది.

"నేనొకటి, చెల్లెలు ఒకటి. మూడోది ఎవరే?" అంది మోర్విద్.

ముగ్గురు ఆడవాళ్ళూ నా వైపు తిరిగారు.

"నాకు మీసాలున్నాయి!" అన్నాను.

"ముసలమ్మలకి రావా ఏం?" అంది ఎలినెడ్.

నేను ఒప్పుకున్నది కేవలం ఆ పుస్తకాన్ని దగ్గరగా పరిశీలించడానికి. విమర్శకుడన్నాక కష్టాలు తప్పవు.

ఇంజెక్షన్ రోజు మధ్యాహ్నం వాన, మంచు, రెండూ ఉన్నాయి. పోయిన నా భార్య నల్ల శాలువా కప్పుకున్నాను. మొహానికి పొయ్యిలోని బూడిద. ఎలినెడ్ తల మీద గొర్రె ఉన్ని చింపిరి జుట్టులా పరుచుకుంది. మోర్విద్‌కి వేషం పెద్దగా అక్కర్లేకపోయింది. కళ్ళు చికిలించి చేతులు చాచి నడుస్తుంటే చాలు, నాకే ఒళ్ళు జలదరించింది. ఆ నడక నటన కాదని మా ముగ్గురికీ తెలుసు.

టూరిస్టులు టీ తాగి బస్సెక్కారు. మాబ్లి గుమ్మంలో నిలబడి, "అందరూ జాగ్రత్త! ఇవాళ తిరుగు ప్రయాణంలో ఒక సర్‌ప్రైజ్ ఉంది!" అని అరిచింది. చాపెల్ గోడ పక్కనుంచి మేం మంచులోంచి బయటికొచ్చాం. బస్సంతా ఒక్కసారి 'హా!' అంది. ఫోన్లన్నీ లేచాయి.

హవెల్ తలుపు దగ్గర అడ్డం నిలబడ్డాడు.

"ఇద్వాల్ బాబాయ్, నువ్వా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఇద్వాల్ ఎవడు? నేను పొగమంచు ముసలమ్మని."

"ముసలమ్మకి మీసాలేంటి?"

"పాతాళంలో మంగలి లేడు."

"నా ఉద్యోగం పోతుంది బాబాయ్!"

వెనకనుంచి ఒక కుర్రాడు, "డ్రైవర్! వాళ్ళని ఎక్కనివ్వండి! ఇది ప్యాకేజీలో ఉంది!" అన్నాడు. మిగతావాళ్ళు చప్పట్లు మొదలుపెట్టారు. హవెల్ ఏం చేస్తాడు? నలభై మంది చేతుల్లో నలభై ఫోన్లు. కొమ్ములు సర్దుకుని పక్కకి తప్పుకున్నాడు. మోర్విద్ మెట్టు తడుముకుంటుంటే ఎవరూ చూడకుండా మోచెయ్యి పట్టుకున్నాడు.

కూర్చున్నాం. మెడ మీద చల్లగా గాలి తగిలింది.

"ఈ కిటికీ ఇంకా మూసుకోవడం లేదు చూశావా?" అని గొణిగింది ఎలినెడ్.

నేను సీటు కింద చెయ్యి పెట్టి చూశాను. ఏనాడో నా గొడుగు గుచ్చుకుని చిరిగిన రెగ్జిన్ వేలికి తగిలింది. మీరు నమ్మండి, నమ్మకపోండి. అది మా బస్సే! కౌన్సిల్ అమ్మేసింది, కంపెనీ కొనుక్కుని డ్రాగన్ల బొమ్మలేయించింది. ఇప్పుడు చెప్పండి. సొంత బస్సులో సొంత సీటు మీద కూర్చోవడానికి దొంగతనం చేయాల్సొస్తే, ఆ విద్య పిల్లలకి నేర్పకపోవడం నేరం కాదా?

బస్సు కదిలింది. నక్కతోక తగిలించుకున్న ఒకమ్మాయి మోర్విద్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"అవ్వా, మీరు ఎవరి చావు చెప్పడానికి వచ్చారు?"

మోర్విద్ ఇంగ్లీషులో మర్యాదగా ఏదో సర్దిచెబుతుందనుకున్నాను. పోస్టాఫీసులో ఎవరు ఏమడిగినా అలాగే చెప్పేది. కానీ ఆమె లేచి కడ్డీ పట్టుకుని నిలబడింది. బయట ఏముందో ఆమెకి కనిపించదు. కానీ ఆ రోడ్డు మలుపులు ఒంటికి తెలుసు. మొదటి మలుపులో బస్సు ఒరగ్గానే గొంతెత్తింది.

"పోస్టాఫీసూ...!"

కొండకి తగిలి ప్రతిధ్వనించినట్టయింది. ఫోన్లన్నీ ఆమె వైపు తిరిగాయి.

రెండో మలుపు. "బడీ...! ఇరవై మంది పిల్లలున్న బడీ...!"

వంతెన దాటాం. "డాక్టర్ రీస్ ఆస్పత్రీ...!"

ఆ తర్వాత ఇళ్ళ పేర్లు. బయటివాళ్ళు కొని తాళాలేసిన, వేసవిలో తప్ప దీపం వెలగని ఇళ్ళు. వాటి పాత పేర్లే పిలిచింది. ఇప్పుడు గేట్ల మీద వేరే పేర్లున్నాయి. ఎలినెడ్ కూడా లేచి గొంతు కలిపింది. నేను మాత్రం గంభీరంగా ఉండాలనుకున్నాను. మా చాపెల్ రాబోయే ఏడు అమ్మకానికి పెడుతున్నారన్న సంగతి గుర్తొచ్చింది. నోరు దానంతటదే తెరుచుకుంది. నా గొంతులోంచి ఏ కేక వచ్చిందో నాకు తెలీదు. ముందు సీట్లోని పిల్లాడు వాళ్ళమ్మ ఒళ్ళో దూరాడు.

స్టేషన్ రాగానే బస్సులో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నక్కతోక పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది. "ఎంత అద్భుతంగా నటించారు! ఇదంతా ఎవరు రాశారు?" అంది.

"కౌన్సిల్" అంది మోర్విద్.

బూడిద మొహంతోనే క్లినిక్‌కి వెళ్ళాం. నర్సు తలెత్తకుండానే, "పేరు?" అని అడిగింది. మోర్విద్ చెప్పింది. నర్సు తలెత్తింది. "ముందు మొహం కడుక్కోండమ్మా" అంది. కంట్లో ఇంజెక్షన్ పడింది. చివరి ట్రిప్పులో హవెల్ మమ్మల్ని ఏమీ అడక్కుండా ఎక్కించుకుని తీసుకొచ్చాడు. దారిలో కొమ్ములు తీసేసి డాష్‌బోర్డు మీద పెట్టాడు.

ఆ వారమే కంపెనీ మేనేజర్ మా ఊరొచ్చాడు. జుట్టుకి నూనె రాసుకున్న కుర్రాడు. ఇక అయిపోయాం అనుకున్నాం. "మీకు ఐదు నక్షత్రాలొచ్చాయి!" అన్నాడు. "మధ్యలో ఉన్న ముసలమ్మ మీసాలు చాలా సహజంగా ఉన్నాయని అందరూ రాశారు. ప్రతి ట్రిప్పులో మీరే కావాలి!"

అలా ఆ వేసవంతా మోర్విద్‌కి ఒక్క ఇంజెక్షనూ తప్పలేదు. ఒప్పందం చాలా సులువు. డాక్టర్ దగ్గరికెళ్ళాలంటే ముందు దయ్యమవ్వాలి. ప్రభుత్వాలు ఇంతకన్నా తేలికైన పథకం ఎప్పుడైనా పెట్టాయా? ఎలినెడ్ ఆ బస్సులోనే వెళ్ళి పళ్ళు కట్టించుకుంది. నేను కొత్త బూట్లు కొనుక్కున్నాను. మోర్విద్ చూపులో పెద్ద తేడా రాలేదు గానీ, ఉన్నది పోలేదు. ఉప్పూ పంచదారా మాత్రం మళ్ళీ కలవలేదు.

అక్టోబరు వచ్చింది. సీజన్ అయిపోయిందని కంపెనీ బస్సుని షెడ్డులో పెట్టేసింది. ఈస్టర్ దాకా పాతాళానికి సెలవు. 'కొప్పెర ముఠా' రెండో భాగం ఐర్లాండ్‌లో జరుగుతుందని, అప్పటికైనా బస్సు ఇటొస్తుందో రాదో చెప్పలేమని హవెల్ అన్నాడు.

నవంబరులో మా గోడు వినడానికి కౌన్సిల్ నుంచి రవాణా అధికారి ప్రాసర్‌గారు స్వయంగా వచ్చారు. చాపెల్లో సభ. ఆయన తెర మీద బొమ్మలేసి చూపించారు. గీతలు కిందికి దిగుతున్నాయి. "డిమాండ్ లేదు" అన్నారు.

"వేసవిలో రోజుకి మూడు ట్రిప్పులు జనంతో తిరిగాయి కదండీ?" అన్నాను.

"వాళ్ళు సందర్శకులు. మీరు నివాసులు. రెండూ వేరు వేరు హెడ్డింగులు."

ఇంకో అర్జీ పెట్టుకోమన్నారు. తప్పకుండా పరిశీలిస్తామన్నారు. టీ తాగారు. ఎండుద్రాక్ష రొట్టె బావుందన్నారు. ఇంకో ముక్క తీసుకున్నారు. నేను చుట్టూ చూస్తే మోర్విద్ కనబడలేదు. మాబ్లి కూడా లేదు. ఎలినెడ్ మాత్రం ప్రాసర్‌గారికి మూడో ముక్క వడ్డిస్తూ, మాటల్లో పెట్టి కూర్చోబెడుతోంది.

ఆయన బయటికొచ్చి కారు తలుపు తీశారు. కౌన్సిల్ కారు. వెనక సీట్లో మోర్విద్ బెల్టు పెట్టుకుని కూర్చుంది. బూడిద లేదు, శాలువా లేదు. ఆదివారం కోటు వేసుకుని ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుంది. పక్కన మాబ్లి.

"అమ్మా, ఇది... ఇది కౌన్సిల్ వాహనమండీ" అన్నారు ప్రాసర్‌గారు.

"తెలుసు బాబూ. మీరు కింద టౌన్‌కే కదా వెళ్తున్నారు? నాకు మూడింటికి క్లినిక్."

"ఇలా ఎవర్ని పడితే వాళ్ళని ఎక్కించుకోవడానికి రూల్స్ ఒప్పుకోవు!"

"ఎవర్ని పడితే వాళ్ళని ఎక్కించుకోమని ఎవరన్నారు? నన్నే ఎక్కించుకోమన్నాను" అంది మోర్విద్. "వేసవిలో దయ్యంలా వెళ్ళాను, ఎవరూ ఆపలేదు. ఇవాళ మనిషిలా వెళ్దామనుకుంటున్నాను. దింపేస్తారా?"

ప్రాసర్‌గారు చాపెల్ గుమ్మం వైపు చూశారు. గుమ్మంలో ఊరంతా ఉంది. ఊరంతా అంటే పన్నెండు మందిమి. అందరం ఆయన్నే చూస్తున్నాం. వాన కారు మీద టపటపా కొడుతోంది.

ఆయన స్టీరింగ్ ముందు కూర్చున్నారు. బెల్టు పెట్టుకున్నారు. వెనక్కి తిరిగి, "క్లినిక్ స్టేషన్‌కి ఇవతలా, అవతలా?" అని అడిగారు.

"పోనివ్వు బాబూ, దారి నేను చెప్తాగా" అంది, సరిగా కళ్ళు కనబడని మోర్విద్.